అమ్మానాన్నల బీపీని దూరం నుంచి చూసుకోవడం ఎలా: ఒక షీటు, ఒక ఫారం, ఏడు రోజులు

"నాన్నకి పొద్దున బీపీ 158 వచ్చిందంట, ఏం చెయ్యమంటారు?" పెద్దవాళ్లు ఊళ్లో, తాము హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నిజానికి ఆ ఒక్క 158 చూసి డాక్టరు కూడా ఏమీ చెప్పలేరు. మెట్లెక్కి వచ్చీ రాగానే చూసుకున్నారా, కఫ్‌ను (మెషిన్‌తో వచ్చే, చేతికి చుట్టే గాలిపట్టీ) చొక్కా చేతి మీదే కట్టేశారా, కరెంటు బిల్లు గురించి గొడవపడుతూ చూసుకున్నారా, మనకు తెలియదు. డాక్టరుకు పనికొచ్చేది ఒక పద్ధతిలో చూసిన వారం రోజుల సగటు. వాట్సాప్‌లో అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్న అంకెల్లోంచి ఆ సగటు తీయడం మీవల్ల కాదు, డాక్టరుకు అంత తీరిక ఉండదు.

ఇందుకు డబ్బు పెట్టి యాప్ కొనక్కర్లేదు. గూగుల్ షీట్స్, గూగుల్ ఫారమ్స్ చాలు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేయాల్సిన ముఖ్యమైన పని గ్రాఫులు గీయడం కాదు, తప్పుడు అంకెను గుమ్మంలోనే ఆపడం. అందుకే కింద చెప్పినదాంట్లో సగం జాగ్రత్తలే ఉంటాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క హెచ్చరిక

బీపీలో పైది (పెద్ద అంకె) 180 గానీ కిందిది (చిన్న అంకె) 120 గానీ దాటి, దానితోపాటు గుండెలో నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, చూపు మసకబారడం లాంటివి ఏవి ఉన్నా షీటూ వద్దు, సగటూ వద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ లక్షణాలు ఉంటే అంకె ఎంతున్నా ఇదే మాట. లక్షణాలేమీ లేకుండా అంకె మాత్రమే అంత ఎక్కువగా వస్తే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. మళ్లీ అంతే వస్తే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. ఈ హెచ్చరిక మొత్తం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మెషిన్ పెట్టెకు అతికించమని చెప్పండి. మీ ఫోన్ సైలెంట్‌లో ఉన్నప్పుడు ఆదుకునేది ఆ కాగితమే.

ఏమేం కావాలి

పై చేతికి కట్టే డిజిటల్ బీపీ మెషిన్. మణికట్టుకు కట్టేవి వద్దు, చెయ్యి కాస్త కిందికి జారినా అంకె మారిపోతుంది. కఫ్ లేకుండానే బీపీ చెప్పే వాచీలూ ఉంగరాలూ ఈ పనికి అసలు వద్దు. వాటిని నమ్మి మందులు మార్చడానికి వైద్య సంఘాలు ఇంకా ఒప్పుకోవడం లేదు.

మెషిన్ ఎంచుకునేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. డిజిటల్ మెషిన్ పైదీ కిందిదీ నేరుగా కొలవదు. కఫ్‌లో గాలి దిగుతున్నప్పుడో ఎక్కుతున్నప్పుడో రక్తనాళం కొట్టుకునే కుదుపులను పట్టుకుంటుంది. వాటిలోంచి రెండు అంకెలను లెక్కగట్టేది లోపలున్న ప్రోగ్రాం. ఆ లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, బయటికి చెప్పరు. కాబట్టి మనుషుల మీద పరీక్షించి చూసిన మోడల్ అయితేనే నమ్మాలి. ఐఎస్‌ఓ 81060-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలుగా కనీసం 85 మంది మీద పరీక్ష జరగాలి. మెషిన్ అంకెకూ నిపుణులు చూసిన అంకెకూ మధ్య సగటు తేడా 5 మిల్లీమీటర్లు, ఆ తేడాల హెచ్చుతగ్గులను చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 8 మిల్లీమీటర్లు దాటకూడదు. అలా పాసైన మోడళ్ల జాబితా స్ట్రైడ్ బీపీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బ్రాండు పేరు చూసి ఊరుకోకండి, పెట్టె మీదున్న మోడల్ నంబరుతో వెతకండి. ఒకే కంపెనీవి కొన్ని మోడళ్లు పాసై, కొన్ని అసలు పరీక్షకే వెళ్లకుండా ఉంటాయి.

ఇంకా కావలసినవి: దర్జీలు వాడే టేపు, అమ్మానాన్నల దగ్గర నెట్ ఉన్న స్మార్ట్‌ఫోన్, మీకో గూగుల్ అకౌంటు, మొదటిరోజు పనికి ఒక కంప్యూటరు. ఫోన్‌లో కూడా ఫారం తయారుచేయొచ్చు గానీ ఓపిక చచ్చిపోతుంది.

1. కఫ్ సరిపోతుందో లేదో చూడండి

భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చేతి చుట్టుకొలత తీయించండి. వీడియో కాల్‌లో మీరే దగ్గరుండి చూడండి. కఫ్ మీద ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల చేతికో అచ్చువేసి ఉంటుంది. మెషిన్‌తో మామూలుగా వచ్చే కఫ్ చాలావాటిలో 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. చెయ్యి లావుగా ఉండి కఫ్ చిన్నదైతే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. మరీ సన్నటి చేతికి పెద్ద కఫ్ కడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఈ తప్పును షీటులో ఎంత లెక్క చేసినా పట్టుకోలేం, ఎందుకంటే అన్ని అంకెలూ ఒకేలా తప్పుగా ఉంటాయి. కొలత కుదరకపోతే ముందు సరైన కఫ్ కొనండి, ఆ తర్వాతే రెండో మెట్టు.

2. ఏ చెయ్యో తేల్చుకోండి

మొదటిరోజు రెండు చేతులకీ చూడాలి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చెయ్యే. రెండు చేతులకీ మధ్య తేడా చూసిన ప్రతిసారీ 10 దాటుతుంటే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గడ్డలు తీసినవాళ్లు, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టించుకున్నవాళ్లు ఆ పక్క చేతికి కఫ్ కట్టకూడదు. వాళ్లు ముందు డాక్టరును అడగాలి.

3. ఖాళీ షీటు తెరిచి టైమ్ జోన్ మార్చండి

దీన్ని దాటేసి నేరుగా ఫారానికి వెళ్లేవాళ్లే ఎక్కువ, తర్వాత తల పట్టుకునేదీ వాళ్లే. ఫారం నింపిన ప్రతిసారీ షీటులో తేదీ, సమయం దానంతట అదే పడుతుంది. ఆ సమయం షీటు టైమ్ జోన్ ప్రకారం ఉంటుంది, నింపినవాళ్ల ఊరి ప్రకారం కాదు. డాలస్‌లో కూర్చుని మీరు షీటు చేస్తే, వేసవిలో గుంటూరులో సోమవారం పొద్దున ఏడింటికి చూసిన బీపీ షీటులో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు చూసినట్టు పడుతుంది. అమెరికాలో గడియారం మార్చే నెలలో ఇంకో గంట అటూఇటూ అవుతుంది.

కొత్త గూగుల్ షీట్ తెరిచి, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. లొకేల్ అన్నచోట ఇండియా, టైమ్ జోన్ అన్నచోట కోల్‌కతా పెట్టి సేవ్ చేయండి. లొకేల్ మార్చకపోతే తేదీలు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత కనిపిస్తాయి. మే 6వ తేదీ జూన్ 5 అయిపోతుంది. మొదటి రీడింగు పడకముందే ఈ రెండూ చేసేయండి.

4. అదే షీటులోంచి ఫారం తయారుచేయండి

టూల్స్ మెనూలో కొత్త ఫారం తయారుచేయమని ఉంటుంది. అక్కడినుంచి చేస్తే ఫారం, షీటు వాటంతట అవే ముడిపడతాయి. ప్రశ్నలు తెలుగులోనే రాయండి. ఈ వరుసలో పెట్టండి:

ఏ పూట (పొద్దున, సాయంత్రం, రెండిట్లో ఒకటి ఎంచుకునేలా)
మొదటిసారి: పైది
మొదటిసారి: కిందిది
మొదటిసారి: పల్స్
రెండోసారి: పైది
రెండోసారి: కిందిది
రెండోసారి: పల్స్
బీపీ మాత్ర (ఇంకా వేసుకోలేదు, వేసుకున్నాను)
ఏమైనా చెప్పాలా (రాయకపోయినా ఫర్వాలేదు)

చివరిది తప్ప మిగతావన్నీ తప్పనిసరి చేయండి. ప్రతి ప్రశ్న కింద రిక్వైర్డ్ అనే మీట ఉంటుంది.

పల్స్ ఎందుకని అడుగుతారు. మెషిన్ తెర మీద పైనుంచి కిందికి మూడు అంకెలు కనిపిస్తాయి. ఫారంలో రెండే అడిగితే కిందిది రాయాల్సిన చోట పల్స్ రాసేవాళ్లు బోలెడంతమంది. మూడూ తెర మీద ఉన్న వరుసలోనే అడిగితే ఆ గొడవ ఉండదు. పల్స్ కూడా డాక్టరుకు పనికొస్తుంది, కొన్ని బీపీ మాత్రలకు పల్స్ తగ్గుతుంది.

పైదీ కిందిదీ ఒకే గడిలో 140/90 అని ఎప్పుడూ రాయించకండి. షీటుకు అది అంకె కాదు, అక్షరాల ముక్క. సగటు తీయమంటే ఎర్రర్ చూపిస్తుంది, లేదా ఆ గడిని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. రెండోదే ప్రమాదం.

5. ప్రతి అంకెకూ హద్దులు పెట్టండి

ప్రశ్న మూలన మూడు చుక్కలు నొక్కితే రెస్పాన్స్ వాలిడేషన్ అని ఉంటుంది. అందులో నంబర్, ఆ పక్కన బిట్వీన్ ఎంచుకోండి. పైదానికి 70 నుంచి 260, కిందిదానికి 40 నుంచి 150, పల్స్‌కు 35 నుంచి 180 పెట్టొచ్చు. 138 కొట్టబోయి 1338 కొడితే ఫారం ముందుకు పోనివ్వదు. "140 ఉంది" అని మాటలు కలిపి రాసినా ఒప్పుకోదు.

హద్దులు మరీ బిగించకండి. 200 దాటితే ఒప్పుకోనని ఫారం అంటే మీ నాన్నగారు ఫోన్ చేయరు, 199 అని కొట్టేసి ఊరుకుంటారు. నిజంగా ఎక్కువున్న బీపీని దాచేసే ఫారం కన్నా ఫారం లేకపోవడమే నయం. ఎర్రర్ మెసేజ్ రాసుకునే చోటు ఖాళీగా వదలకుండా ఇలా రాయండి: "మెషిన్ మీద అంకె మళ్లీ చూడండి. అదే ఉంటే నాకు వెంటనే ఫోన్ చేయండి."

6. ఫారం వాళ్ల ఫోన్‌లోకి ఎక్కించండి

ఫారం పబ్లిష్ చేసి, లింక్ ఉన్న ఎవరైనా నింపొచ్చు అని పెట్టండి. ఈమెయిల్ అడిగే సెట్టింగ్ తీసేయండి, లేకపోతే లాగిన్ అవమంటుంది, అక్కడితో ఆగిపోతారు. లింక్ వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే పండగ శుభాకాంక్షల కింద రెండు రోజుల్లో పూడుకుపోతుంది. క్రోమ్‌లో తెరిపించి, మెనూలో హోమ్ స్క్రీన్‌కు చేర్చే ఆప్షన్ నొక్కించండి. యాప్ బొమ్మలాగా ఫోన్ ముందు తెర మీద ఉంటుంది.

అమ్మకొకటి, నాన్నకొకటి వేర్వేరు షీట్లు, వేర్వేరు ఫారాలు చేయండి. ఒకే ఫారంలో పేరు ఎంచుకోమంటే ఎప్పుడో ఒకరోజు తారుమారవుతుంది. ఫారం పేరులో ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు ఏవీ ఉండనక్కర్లేదు, "అమ్మ బీపీ" చాలు. లింక్ ఎవరి చేతిలో పడ్డా ఆ మనిషెవరో తెలియకూడదు. షీటు మాత్రం లింక్‌తో తెరుచుకునేలా పెట్టకండి. చూడాల్సిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వాళ్లవాళ్ల ఈమెయిల్‌కు విడిగా, చూడటానికి మాత్రమే ఇవ్వండి. దిద్దే హక్కు ఒక్కరికే ఉండాలి.

7. చూసే పద్ధతి ఒకటే, ఏడు రోజులూ

ఈ ఒక్క మెట్టు సరిగా లేకపోతే ముందూ వెనకా చేసినదంతా వృథా. మొదటి రెండు రోజులు వీడియో కాల్‌లో చూడండి.

కాఫీ, టీ, చుట్ట, నడక అయి అరగంట గడవాలి. ముందు బాత్రూంకు వెళ్లొచ్చి కూర్చోవాలి. వీపుకు ఆనుడున్న కుర్చీ కావాలి, మంచం అంచు పనికిరాదు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. కఫ్ చర్మం మీదే కట్టాలి, మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన. చొక్కా చెయ్యి పైకి మడిస్తే బిగుసుకుంటుంది, తీసేయడమే మంచిది. చెయ్యి బల్ల మీద, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. బల్ల పొట్టిదైతే దిండు పెట్టండి. ఇలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కాలి. గాలి ఎక్కి దిగేదాకా మాట్లాడకూడదు, మీతో కూడా. ఒక్క నిమిషం ఆగి రెండోసారి. రెండు రీడింగులూ ఉన్నవి ఉన్నట్టు ఫారంలో ఎక్కించాలి.

పొద్దున మాత్ర, టిఫిను రెండిటికీ ముందు. సాయంత్రం రాత్రి భోజనానికి ముందు. ఇలా ఏడు రోజులు, మొత్తం 28 రీడింగులు. మొదటిరోజువి లెక్కలోకి తీసుకోం, ఆ రోజు కంగారు ఎలాగూ ఉంటుంది. మిగిలేవి 24. మధ్యలో ఓ పూట తప్పినా ఫర్వాలేదు, కనీసం 12 రీడింగులు ఉంటే సగటు చూడొచ్చు. తప్పిన పూటది గుర్తు తెచ్చుకుని మర్నాడు ఎక్కించడం మాత్రం వద్దు. పోతే పోనీ.

రెండు రీడింగుల్లో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ రావడం మామూలే. "మంచిది వచ్చేదాకా" మూడోసారి, నాలుగోసారి చూసుకుని నచ్చింది ఎక్కించే అలవాటు చాలామందిలో ఉంది. అది వద్దని ముందే గట్టిగా చెప్పండి. ఒక్క మినహాయింపు ఉంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు ఈ మెషిన్లు రీడింగు రీడింగుకూ ఎక్కువ తేడా చూపిస్తాయి. వాళ్లకు పూటకు మూడు రీడింగులు అడగండి, ఫారంలో మూడో వరుస కలపండి.

8. లెక్క వేరే ట్యాబులో చేయండి

ఫారం జవాబులు పడే ట్యాబును ముట్టుకోకండి. అందులో పక్క కాలమ్‌లో ఫార్ములా రాస్తే కొత్త జవాబు వచ్చినప్పుడు కొత్త వరుస చొరబడుతుంది, మీ ఫార్ములా ఆ వరుసకు రాదు. రంగులు వేయడం, వరుసలు అటూఇటూ మార్చడం కూడా అక్కడ వద్దు. కింద ప్లస్ గుర్తు నొక్కి "లెక్క" అని కొత్త ట్యాబు తెరవండి.

అందులో ఒక గడిలో మొదలు తేదీ రాయండి, అంటే బీపీ చూసిన ఏడు రోజుల్లో రెండో రోజు. ఇంకో గడిలో ముగింపు తేదీ రాయండి, అంటే ఏడో రోజుకు మర్నాటి తేదీ. ఎందుకు మర్నాటిదో ఇప్పుడే చెప్తాను.

వాడాల్సిన ఫంక్షన్ ఏవరేజ్‌ఇఫ్స్ (AVERAGEIFS). దానికి వరుసగా ఐదు ఇవ్వాలి: సగటు కావలసిన కాలమ్ మొత్తం; టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం దానంతట అదే పడే) కాలమ్ మొత్తం; ">="& తర్వాత మొదలు తేదీ గడి; మళ్లీ టైమ్‌స్టాంప్ కాలమ్; "<"& తర్వాత ముగింపు తేదీ గడి. కాలమ్‌లు జవాబుల ట్యాబు నుంచి మౌస్‌తో ఎంచుకుంటే పేర్లు కొట్టే బాధ ఉండదు. ఇది నాలుగుసార్లు రాయాలి: మొదటి పైది, రెండో పైది, మొదటి కిందిది, రెండో కిందిది. రెండు పైవాటినీ కలిపి సగం చేస్తే వారం సగటు పైది, అలాగే కిందిది. పూటనుబట్టి విడగొట్టాలంటే అదే ఫంక్షన్ చివర పూట కాలమ్, "పొద్దున" అనే షరతు కలపండి.

ముగింపు తేదీ సంగతి. చాలామంది ఏడో రోజు తేదీనే పెట్టి "అంతకు తక్కువ లేదా సమానం" అని రాస్తారు. షీటుకు 14వ తేదీ అంటే 14వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటలు. 14న పొద్దున ఏడింటి రీడింగు దానికన్నా తర్వాతది కాబట్టి లెక్కలోకి రాదు. రోజు మొత్తం మాయమవుతుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే మర్నాటి తేదీ పెట్టి "అంతకు తక్కువ" అనాలి.

మందుల పేర్లు కూడా ఒక ట్యాబులో పెట్టుకుంటే మంచిది. అక్కడ ఇంకో ఉచ్చు ఉంది. చీటీలో ఉన్నట్టు 1-0-1 అని కొడితే షీటు అలాగే ఉంచుతుంది. మూడు పూటలా వేసుకునే మాత్రకు 1-1-1 అని కొట్టారనుకోండి, అది 2001 జనవరి 1 అయి కూర్చుంటుంది. ఇది మనలాంటివాళ్ల ఇబ్బందే అనుకోకండి. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ పోయింది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదోవంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో లెక్క తేలింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మీరు మాత్రం ఆ కాలమ్‌ను ముందే ఎంచుకుని ఫార్మాట్ మెనూలో ప్లెయిన్ టెక్స్ట్ పెట్టేయండి.

9. గ్రాఫ్, కావాలంటే

పైదీ కిందిదీ రెండు గీతలతో లైన్ చార్టు. నిలువు గీత హద్దులు 40 నుంచి 200 అని మీరే పెట్టండి. షీటుకు వదిలేస్తే 128 నుంచి 136 మధ్య అంకెలను చార్టు నిండా సాగదీసి కొండలూ లోయలూ చేస్తుంది, చూసినవాళ్ల గుండె జారుతుంది. ఇంతకుమించి గ్రాఫు గురించి చెప్పేదేమీ లేదు. డాక్టరు చూసేది సగటునే.

10. లెక్క సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి

అసలు రీడింగులు మొదలుకాకముందే రెండు దొంగ ఎంట్రీలు వేయండి. ఒకదాంట్లో పైవి రెండూ 120, ఇంకోదాంట్లో రెండూ 140. మొదలు తేదీ ఇవాళ్టిది, ముగింపు రేపటిది పెడితే సగటు 130 రావాలి. రాకపోతే తప్పు ఫార్ములాలో ఉంది. సమయం కాలమ్ కూడా చూడండి, ఊళ్లో గడియారంతో సరిపోవాలి. తర్వాత వాటిని షీటులోనూ చెరిపేయండి, ఫారంలోనూ చెరిపేయండి. ఒకచోట తీస్తే రెండోచోట పోవు.

వారం అయ్యాక నాలుగు పరీక్షలు.

కౌంట్‌ఇఫ్స్ (COUNTIFS) ఫంక్షన్‌తో అవే తేదీల మధ్య ఎన్ని ఎంట్రీలున్నాయో లెక్కించండి. ఆరు రోజులకు 12 ఉండాలి. 13 ఉంటే ఒకటి రెండుసార్లు పంపారు.

కిందిది పైదానికన్నా ఎక్కువున్న వరుసలు, పల్స్ కిందిదీ ఒకే అంకె ఉన్న వరుసలు వెతకండి. రెండోది నిజంగా కూడా జరగొచ్చు, అందుకే వెంటనే చెరిపేయక అడిగి కనుక్కోండి.

చివరి అంకె చూడండి. 24 పైవి, 24 కిందివి కలిపి 48 అంకెలు. డిజిటల్ మెషిన్‌లో పదోవంతు, అంటే సుమారు ఐదు మాత్రమే సున్నాతో ముగియాలి. ఏడెనిమిది వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. పాతిక వచ్చాయంటే ఎవరో గుండ్రం చేసి రాస్తున్నారు. 137ను 140 అనడం పెద్దవాళ్లకు అబద్ధం కాదు, పాత పాదరసం మెషిన్ కాలపు అలవాటు.

నాలుగోది, మెషిన్ మెమరీ. చాలా మెషిన్లు పాత రీడింగులు దాచుకుంటాయి. ఓసారి వీడియో కాల్‌లో మెమరీ మీట నొక్కిస్తూ షీటుతో సరిచూడండి. షీటులో లేని రీడింగులు మెమరీలో ఉంటే మీకు తెలియకుండా నచ్చినవి ఏరుకుంటున్నారన్నమాట.

మెషిన్ మాటేమిటంటే, ఈసారి డాక్టరు దగ్గరికి దాన్ని కూడా తీసుకెళ్లమనండి. అక్కడి మెషిన్‌తో ఒకటి, మనదానితో ఒకటి, అదే చేతికి మార్చి మార్చి చూడమని అడగొచ్చు. ప్రమాణం పాసైన మోడల్ అంటే సగటు మనిషికి సరిపోయినట్టు, మీ అమ్మగారి చేతికి సరిపోతుందన్న హామీ కాదు.

సగటును ఎలా చదవాలి

ఇంట్లో చూసిన వారం సగటు పైది 135 గానీ కిందిది 85 గానీ, రెండిట్లో ఏదైనా ఒకటి ఆ గీత తాకినా, దాటినా ఎక్కువున్నట్టే లెక్క. ఆసుపత్రిలో చూసే 140/90కి ఇంట్లో ఇది సమానం. అమెరికా వైద్య సంఘాల గీత ఇంకా కిందికి, 130/80 దగ్గర ఉంటుంది. అక్కడి డాక్టరు మాటకూ ఇక్కడి డాక్టరు మాటకూ తేడా కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. ఇప్పటికే మాత్రలు వాడేవాళ్లకు, ఎనభై దాటినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎంతలో ఉండాలో వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలు వస్తే కొందరికి తెల్లకోటు చూడగానే పెరిగే రకం. తలకిందులుగా కూడా ఉంటుంది, ఆసుపత్రిలో బాగుండి ఇంట్లో ఎక్కువ. ఇదింకా మోసకారి, ఎవరూ పట్టించుకోరు. మన షీటు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఏ రకమైనా సరే, షీటు చూసి మీరు గానీ వాళ్లు గానీ మాత్ర ఆపడం, సగం చేయడం, పక్కింటివాళ్ల మాత్ర అందుకోవడం వద్దు.

తరచుగా వచ్చే ఇబ్బందులు, వేరే దారులు

ప్రతి రీడింగూ మీకు ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. టూల్స్‌లో నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. నా సలహా మాత్రం రోజుకొక్కసారి వచ్చేలా పెట్టుకోమని. 148 చూడగానే మీరు ఫోన్ చేసి "ఏమైంది నాన్నా" అంటే సాయంత్రం 160 వస్తుంది. అత్యవసరానికి పెట్టె మీద కాగితం ఉండనే ఉంది.

నెట్ లేదు, స్మార్ట్‌ఫోన్ లేదంటే నోటుబుక్కే. తేదీ, పూట, ఆరు అంకెలకు గళ్లు గీసి ఇవ్వండి. ఆదివారం ఫోన్‌లో చదివించుకుని మీరు షీటులో ఎక్కించండి. అప్పుడు టైమ్‌స్టాంప్ పనికిరాదు కాబట్టి తేదీ కాలమ్ మీరే రాసి, ఫార్ములాలో దాన్నే వాడండి. కళ్లు ఆనకపోతే మెషిన్ తెర ఫొటో తీసి పంపమనొచ్చు. ఊళ్లో ఏఎన్ఎం గానీ, తెలిసిన ఆర్ఎంపీ గానీ చూసిపెడితే ఆ రీడింగులు గమనికలో ఉంచండి, ఇంటి సగటులో కలపకండి.

బ్లూటూత్ మెషిన్ ఉంటే చేత్తో ఎక్కించే తప్పులు పోతాయి. కానీ యాప్ చూపించే సగటులో మొదటిరోజువి, మధ్యరాత్రి భయపడి చూసుకున్నవి అన్నీ కలిసి ఉండొచ్చు. యాప్‌లోంచి సీఎస్‌వీ ఫైలు తీసే వీలున్న మెషినే కొనండి, దాన్ని షీటులోకి తెచ్చి పైన చెప్పినట్టే లెక్కగట్టండి. తెచ్చాక తేదీలు తలకిందులు కాలేదని చూసుకోండి. మెషిన్ బ్యాటరీ మార్చినప్పుడు లోపలి గడియారం మొదటికొచ్చిందేమో అది కూడా.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయనే పెద్దవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు వారంలో రెండు మూడుసార్లు నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా చూడమనండి, పక్కన ఎవరైనా ఉన్నప్పుడే. కూర్చున్నప్పటికన్నా పైది 20 గానీ కిందిది 10 గానీ పడిపోతుంటే డాక్టరుకు వెంటనే చెప్పాలి. ఇవి గమనికలో రాయాలి, సగటులో కాదు.

డాక్టరుకు ఏం తీసుకెళ్లాలంటే, ఒకటే కాగితం: వారం సగటు, పొద్దుటి సగటు, సాయంత్రం సగటు, ఎన్ని రీడింగులు, ఏ చెయ్యి, మెషిన్ మోడల్, వాడుతున్న మాత్రలు, వేళలు. వెనకవైపు 28 రీడింగులూ అచ్చువేయించండి, అడిగితే చూపించడానికి. వారం అయిపోయాక రోజూ చూడటం మానిపించండి. వారానికి ఒకటి రెండు రోజులు చాలు. మాత్ర మార్చాక ఎప్పుడు మళ్లీ చూడాలో డాక్టరునే అడిగి, ఆ తేదీకి, తర్వాతి అపాయింట్‌మెంటు ముందు వారానికి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. అప్పుడు అదే ఫారం, అదే షీటు. "లెక్క" ట్యాబులో రెండు తేదీలు మారిస్తే సరిపోతుంది.